ఎండాకాలం చదువుకు వానాకాలంలోనే నారు పోయాలి



ఈ ఉత్తరం మీద ఎవరి పేరూ రాయలేదు. కేసముద్రంలోనో ఇనుగుర్తిలోనో నెక్కొండలోనో మానుకోట పక్క తండాలోనో పుట్టి, ఇవాళ కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతున్న బిడ్డా, వరంగల్ ఎన్‌ఐటీలో ఎంటెక్ చేస్తున్న కొడుకా, హైదరాబాదులో పీహెచ్‌డీకి చేరి గైడు పిలుపు కోసం చూస్తున్న తల్లీ, ఇది మీ అందరిదీ. నేను మన పల్లెల బడుల్లో సైన్సు చెప్పి రిటైరైన టీచరమ్మను. మీలో కొందరి అమ్మానాన్నలు నా ముందు కూర్చుని అయస్కాంతం చుట్టూ ఇనుప రజను చల్లినవాళ్లే. ఆ చనువుతోనే నువ్వు అంటున్నాను. మీ అమ్మమ్మ చెబుతున్నదనుకుని కుదురుగా చదువు.

సెలవులకు ఊరికి వచ్చినప్పుడు అడుగుతుంటాను కదా, తర్వాత ఏం చేద్దామనుకుంటున్నావని. ఎక్కువమంది చెప్పేది ఒకటే, ఎమ్మెస్‌కు పోతా అమ్మమ్మా అని. ఏ విషయం మీద అంటే కన్సల్టెన్సీ వాళ్లు చెబుతారంటారు. పోవద్దని నేను ఎన్నడూ అనను. ప్రపంచం చూడాల్సిన వయసు నీది. కానీ నాయన ఉన్న రెండెకరాలు కుదువపెట్టి, లక్షల అప్పు నెత్తిన పెట్టుకుని విమానం ఎక్కిన పిల్లకు, అక్కడ దిగిన రోజు నుంచీ కిస్తీ లెక్కే కళ్లముందు ఆడుతుంది. లైబ్రరీలో గడవాల్సిన పొద్దు ఏ పెట్రోలు బంకులోనో గడుస్తుంది. దానికి తోడు కొత్త హెచ్‌-1బీ ఉద్యోగ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుమని 2025 సెప్టెంబరులో అమెరికా ప్రకటించాక, చదువు కాగానే ఉద్యోగం, ఉద్యోగంతో అప్పు తీరడం అన్న లెక్క ఎన్ని ఇళ్లలో తలకిందులైందో నాకంటే నీకే బాగా తెలుసు.

ఈ హడావుడిలో ఒక పాత దారి పూడిపోతున్నది బిడ్డా. చేతిలో ఒక ప్రశ్న పట్టుకుని పరదేశం పోయి, అక్కడి ప్రయోగశాలలో కొన్నాళ్లు పనిచేసి, నేర్చుకున్నది వెంట తెచ్చుకునే దారి అది. ఇప్పుడది ఒక్క ఎండాకాలంలో ఇమిడేంత చిన్నదిగా కూడా దొరుకుతున్నది. రెండు నెలలు, లేదంటే మూడు నెలలు. రానూపోనూ టికెట్టో, నెలనెలా ఖర్చులకు పైసలో, చాలాచోట్ల రెండూ వాళ్లే ఇస్తారు. పొలం కాగితాలు బీరువాలోంచి తీయాల్సిన పని లేదు. ఈ కబురు వరంగల్ దాకా వచ్చి, మన కేసముద్రం స్టేషనులో ఆగకుండానే వెళ్లిపోతున్నదని నా బాధ.

ఇదేమీ నిన్న మొన్న మొదలైన ముచ్చట కాదు. 1896లో హైదరాబాదు రాజ్యం స్కాలర్‌షిప్పు మీద ఇంగ్లండు పోయి, కూపర్స్ హిల్ ఇంజినీరింగు కాలేజీలో చదివిన అలీ నవాజ్ జంగ్ తిరిగివచ్చి నిజాంసాగర్ కట్టించారు. మన పక్కనున్న పాలేరు, వైరా జలాశయాలూ ఆయన చేతిమీదుగా వచ్చినవే. ఆ రోజుల్లో ఖమ్మం ప్రాంతం వరంగల్ జిల్లాలోనే ఉండేది, కనుక అవి మన జిల్లా నీళ్లే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కిన మనిషి. 1922లో బోస్టన్ చేరి, పగలు హార్వర్డ్‌లో చదువుకుంటూ రాత్రి ఆసుపత్రిలో కూలిపని చేశారు. శరీర ద్రవాల్లో భాస్వరాన్ని కొలవడానికి తోటి పరిశోధకుడు ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన పద్ధతిని బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇవాళ్టికీ వాళ్లిద్దరి పేరుతోనే నేర్చుకుంటారు. బోదకాలు రాకుండా మన ఊళ్లలో ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర ఉంది చూడు, అది లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన పరిశోధనలోంచి వచ్చిందే. ఆయన మళ్లీ స్వదేశం చూడకుండానే 1948లో కన్నుమూశారు. ఆయన మందు మాత్రం నీ చిన్నప్పుడు నీ గడపలోకి వచ్చి నీ నోట్లో పడింది.

వీళ్లందరిలో నా మనసుకు దగ్గరైనది సి.ఆర్. రావు గారి ప్రయాణం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదువుకుని కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన ఆయనను 1946లో కేంబ్రిడ్జికి పంపింది డిగ్రీ తెచ్చుకొమ్మని కాదు, ఒక పని చేసిపెట్టమని. సూడాన్‌లోని జెబెల్ మోయా అనేచోట తవ్వకాల్లో దొరికిన పాతకాలపు ఎముకల కొలతలను ఆ ఇన్‌స్టిట్యూట్ స్థాపకుడు మహలనోబిస్ పద్ధతితో విశ్లేషించాలి. పాతికేళ్ల కుర్రవాడు. మ్యూజియంలో ఎముకల పని చేసుకుంటూనే, గణాంక శాస్త్రవేత్త ఫిషర్ ప్రయోగశాలలో ఎలుకల జన్యువుల మీద కూడా పనిచేశాడు. ఆ పనికి పోయిన మనిషి 1948కల్లా పీహెచ్‌డీ పూర్తిచేసుకుని కలకత్తా తిరిగివచ్చి, దాదాపు ముప్పై ఏళ్లు ఇక్కడి పిల్లలకే పాఠం చెప్పారు. 2023లో, నూట రెండేళ్ల వయసులో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకున్నారు. అయితే నువ్వు గమనించాల్సింది వేరే ఉంది. క్రామర్-రావు హద్దు అని ప్రపంచమంతా చెప్పుకునే ఫలితం ఉన్న వ్యాసం 1945లోనే, కేంబ్రిడ్జి ముఖం చూడకముందే, కలకత్తాలో అచ్చయింది. ఖాళీ చేతులతో పోలేదాయన. ఇక్కడ చేసిన పని చేతిలో ఉంది కాబట్టే అక్కడి తలుపు తెరుచుకుంది.

మూడు నెలల్లో ఏం నేర్చుకుంటాం అమ్మమ్మా అని అడుగుతావు. ఒక మంచి ప్రయోగశాలలో వారం వారం అందరూ కూర్చుని, ఎవరి పని ఎంతదాకా వచ్చిందో, ఎక్కడ తప్పిందో చెప్పుకుంటారు. ప్రొఫెసరు చెప్పినదాన్ని నిన్నగాక మొన్న చేరిన విద్యార్థి కాదనడం, ఆ పెద్దమనిషి కోపగించుకోకుండా ఎందుకు కాదో చెప్పమనడం నువ్వు కళ్లారా చూడాలి. నోట్‌బుక్కులో తేదీ వేసి, ఫలించిన ప్రయోగం రాసినట్టే ఫలించనిదీ రాయడం చూడాలి. ఇంకొక లాభం ఉంది, అది చాలామంది చెప్పరు. ఐదేళ్ల పీహెచ్‌డీలోకో, లక్షల అప్పులోకో దిగకముందే, ఈ పని నీకు నచ్చుతుందో లేదో ఆ ఎండాకాలం చెప్పేస్తుంది. నచ్చలేదా, ఏమీ పోలేదు. ఇంటికి వచ్చి నిశ్చింతగా ఇంకో దారి పడతావు. అమెరికా సంగతే చూడు. అంత సంపన్న దేశం, అన్ని ప్రయోగశాలలున్న దేశం, సైన్సూ ఇంజినీరింగులో పీజీ, పీహెచ్‌డీ చేస్తున్న తన పిల్లలను నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ద్వారా ఎన్నో ఏళ్లు ఎండాకాలాల్లో జపాన్‌కు, కొరియాకు, తైవాన్‌కు, చైనాకు, సింగపూర్‌కు, ఆస్ట్రేలియాకు, న్యూజిలాండ్‌కు పంపింది. అన్నీ ఉన్నవాళ్లే పక్కవాడి ప్రయోగశాల చూసి రమ్మని పిల్లలను పంపారంటే, మనం ఇంట్లో కూర్చోవడం ఎట్లా తగుతుంది బిడ్డా.

అక్కడికి ఏం పట్టుకుపోవాలన్నది అసలు సంగతి. మార్కులు పట్టుకుపోయేవాళ్లు వేలమంది ఉంటారు. నీ దగ్గర మాత్రమే ఉన్నది నీ ఊరు. 2021లో మన మిర్చి చేన్లకు ఏం జరిగిందో నీకు చెప్పాలా? పూత నిండా నల్ల తామర పురుగు. పూలు రాలిపోయి, మందు మీద మందు కొట్టి, అప్పులు మిగిలి, చేను పీకేసినవాళ్లు ఉన్నారు, ప్రాణం తీసుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ పురుగు ఆగ్నేయాసియా నుంచి వచ్చింది. మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనబడింది. 2020లో అమెరికాలోని ఫ్లోరిడాలో తేలింది. యూరప్ గ్రీన్‌హౌసుల్లోనూ ఉంది. అంటే మీ నాయన చేనులో చూసిన పురుగునే ఫ్లోరిడాలోనో నెదర్లాండ్స్‌లోనో ఒక ప్రొఫెసరు సూక్ష్మదర్శిని కింద పెట్టుకుని చూస్తున్నాడు. ఆయన దగ్గరున్న పరికరం నీ దగ్గర లేదు. నువ్వు చూసిన చేను ఆయన చూడలేదు. జువాలజీ, బాటనీ, బయోటెక్నాలజీ పిల్లలు ఈ ఒక్క సంగతి పట్టుకుని ఉత్తరం రాస్తే చదవని ప్రొఫెసరు ఉండడని నా నమ్మకం.

కెమిస్ట్రీ బిడ్డలకు కల్లంలోనే పాఠం ఉంది. తేమ ఆరని కాయ రాత్రి మంచుకు తడిస్తే బూజు పడుతుంది, ఆ బూజులోంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. యూరప్ దేశాలు మిరపలాంటి మసాలా దినుసుల్లో ఈ విషంలో బీ1 అనే రకం కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 మైక్రోగ్రాములు దాటితే రానివ్వవు. యార్డులో కమీషన్ ఏజెంటు తాలు కాయను చేత్తో ఏరి ధర తగ్గిస్తాడు గానీ, ఈ విషం చేతికీ కంటికీ చిక్కేది కాదు. తక్కువ ఖర్చులో దాన్ని కల్లం దగ్గరే కనిపెట్టే పరీక్ష ఎట్లా ఉండాలి? మెకానికల్ చదివే బిడ్డ ఎండబెట్టే యంత్రం ఎట్లా కడితే ఐదెకరాల రైతు కొనగలడు? మన చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానికి అంత రంగు, అంత తక్కువ కారం ఎందుకో చెప్పాల్సిందీ కెమిస్ట్రీ వాళ్లే. అఫ్లాటాక్సిన్ మీద వేరుశనగలో ఎంతో పని చేసిన వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972 నుంచీ మన పటాన్‌చెరులోనే ఉంది. ముందు అక్కడి తలుపు తట్టి, తర్వాత సముద్రం దాటినా తప్పులేదు.

సివిల్ ఇంజినీరింగు వాళ్లకైతే ఊరి మధ్యలోనే ప్రశ్న పడి ఉంది. 2024 సెప్టెంబరు 1న ఆ కుండపోత వానకు మన కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు కట్ట కొట్టుకుపోయింది. పట్టాల కింద మట్టీ కంకరా పోయి, పట్టాలు గాలిలో వేలాడాయి. ఉత్తరాన్నీ దక్షిణాన్నీ కలిపే లైను ఆగిపోయి, దేశమంతా మన ఊరి పేరు విన్నది. రైల్వే కూలీలు రాత్రింబవళ్లు పనిచేసి కొద్దిరోజుల్లోనే నిలబెట్టారు, వాళ్ల చేతులకు దండం పెట్టాలి. కానీ నీళ్లు ఆ కట్టను అక్కడే ఎందుకు కోశాయి? పైనున్న చెరువులు, వాగులు, తూముల లెక్క ఎవరైనా ఒకచోట పెట్టి చూశారా? 1213లో కట్టిన పాఖాల చెరువు ఇన్ని వందల వానలు ఎట్లా తట్టుకుంది? ఇలాంటి వరదల మీద నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ వాళ్లు, స్విట్జర్లాండ్‌లో లొసాన్, జూరిక్ వాళ్లు ఏళ్ల తరబడి పనిచేస్తున్నారు. కేసముద్రం ఫొటో ఒకటి, వాన లెక్క ఒకటి, నీ ప్రశ్న ఒకటి. ఉత్తరంలో ఈ మూడూ ఉంటే చాలు.

ఇక కాలం సంగతి, మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మార్చిలోనో ఏప్రిల్‌లోనో ఎవరో చెబితే మే నెలకు పోవచ్చా అని అడుగుతారు. అప్పటికి చాలా తలుపులు మూసుకుని ఉంటాయి. సంక్రాంతి దాటాక ఏరుకునే మిర్చికి మీ అమ్మ ఏ నెలలో నారు పోస్తుంది? ఆషాఢ శ్రావణాల్లో. ఇదీ అంతే. ఎండాకాలం ప్రయాణానికి వానాకాలంలో మొదలుపెట్టాలి. కెనడాలో పన్నెండు వారాలు పనిచేయించే మైటాక్స్ గ్లోబలింక్‌కు, జర్మనీకి పంపే డాడ్ వైజ్‌కు ముందటి ఏడులోనే గడువు ముగుస్తుంది. ఆ రెండూ డిగ్రీ, బీటెక్ పిల్లలవి, నీ తమ్ముడికీ చెల్లెకూ చెప్పు. నీలాంటి పీజీ పిల్లలకు జెనీవా దగ్గరి ఫిజిక్సు ప్రయోగశాల సెర్న్ ఉంది. 2017లో మన దేశం దాంట్లో అసోసియేట్ సభ్యురాలైంది. ఫిజిక్సుతో పాటు కంప్యూటర్, ఇంజినీరింగు వాళ్లనూ ఎండాకాలానికి తీసుకుంటారు, జనవరికల్లా దరఖాస్తు పెట్టాలి. జపాన్‌లో ఒకినావా దీవి మీద ఓఐఎస్‌టీ అనే పరిశోధన విశ్వవిద్యాలయం ఏడాదికి రెండుసార్లు ఇంటర్న్‌లను ఎంచుకుని, విమానం ఖర్చూ బసా ఇస్తుంది. పని అంతా ఇంగ్లీషులోనే. సౌదీలో ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న కౌస్ట్ విశ్వవిద్యాలయం కూడా అట్లాగే పిలుస్తుంది. ఫ్రాన్స్ రాయబార కార్యాలయం ఇచ్చే షార్పాక్ ల్యాబ్ స్కాలర్‌షిప్పు ఉంది. ఇటలీలో ట్రియెస్టే ఊళ్లో 1964లో అబ్దుస్ సలామ్ స్థాపించిన ఐసీటీపీ అయితే మనలాంటి దేశాల పిల్లల కోసమే పుట్టింది. అక్కడి సమ్మర్ స్కూళ్లకు ఫిజిక్సు, గణితం వాళ్లు ఒక్కసారైనా ప్రయత్నించాలి. పీహెచ్‌డీలో ఉన్నవాళ్లకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఆరు నుంచి తొమ్మిది నెలలు ఇస్తుంది. కొన్ని పథకాలు ఒక ఏడు ఉంటాయి, మరో ఏడు ఆగుతాయి. కొన్ని ఎంచుకున్న సంస్థల పిల్లలకే ఇస్తారు. ఆ ఏటి ప్రకటన నీ కళ్లతో చదువుకో, ఒకరి నోటి మాట నమ్మకు.

ఎన్‌ఐటీ పిల్లలకు సీనియర్లు చెబుతారు. 1959 అక్టోబరు 10న నెహ్రూ వచ్చి పునాదిరాయి వేసిన కాలేజీ అది, ఏ దేశంలో చూసినా వాళ్లకు ఒక అన్నో అక్కో ఉంటారు. నా బెంగంతా జిల్లా కాలేజీలో, ప్రభుత్వ పీజీ కాలేజీలో చదివే బిడ్డ గురించే. నీకు నేరుగా విదేశం అందకపోతే దిగులుపడకు. మన సైన్సు అకాడమీలు మూడూ కలిసి ఏటా ఎండాకాలం రెండు నెలల ఫెలోషిప్పు ఇస్తాయి. దాని మీద బెంగళూరు ఐఐఎస్సీకో, హైదరాబాదులో సీసీఎంబీకో పోవచ్చు. ఏ కాలేజీ పిల్లలైనా పెట్టుకోవచ్చు. ఒక ఎండాకాలం అక్కడ బుద్ధిగా పనిచేస్తే, నీ గురించి నాలుగు నిజమైన వాక్యాలు రాయగల శాస్త్రవేత్త ఒకరు దొరుకుతారు. వచ్చే ఏటి విదేశపు దరఖాస్తుకు నీ మార్కుల జాబితా కంటే ఆ నాలుగు వాక్యాలే బలం.

ఉత్తరం రాయడం గురించి ఒక మాట. ఒకే ఉత్తరాన్ని రెండు వందల మంది ప్రొఫెసర్లకు పంపకు తల్లీ. పదిమందిని ఎంచుకో. ఒక్కొక్కరి వ్యాసం ఒకటి మొత్తం చదువు, అర్థంకాని చోట గీత గీసుకో, మీ సారును అడుగు. ఆ తర్వాత పది పన్నెండు వాక్యాలు రాయి. నువ్వెవరు, ఇప్పటిదాకా నీ చేత్తో ఏం చేశావు, ఆయన వ్యాసంలో ఏ చోట నీకు ప్రశ్న పుట్టింది, వచ్చే ఎండాకాలం ఏం చేయాలనుకుంటున్నావు. పొగడ్తలు వద్దు. ఇంగ్లీషు తడబడుతుందని భయం వద్దు, తప్పుల్లేని చిన్న వాక్యాలు చాలు. జవాబు రాకపోతే రెండు వారాలాగి మర్యాదగా ఇంకొకసారి రాయి. మన తెలుగు మీడియం పిల్లలకు ఇక్కడే నోరు కట్టేసినట్టవుతుందని నాకు తెలుసు. ప్రయోగశాలలో నీ చేతి పని చూస్తారు గానీ నీ ఉచ్చారణ కాదు.

చేతి పని అన్నాను కదా, అక్కడే నా గుండె బరువెక్కుతుంది. ప్రాజెక్టును పైసలిచ్చి కొనుక్కోవడం ఇప్పుడు తప్పనిపించడం లేదు పిల్లలకు. బైండింగుతో సహా దుకాణంలో దొరుకుతుంది. సెర్న్‌లోనో ఒకినావాలోనో ఇంటర్వ్యూలో నీ ప్రాజెక్టులో అన్నింటికంటే కష్టమైనదేదని అడిగితే, కొనుక్కున్న బిడ్డ దగ్గర ఏ జవాబుంటుంది? దీంట్లో నిన్ను తిట్టే హక్కు మాకు లేదు. ప్రయోగం చేయించడం కంటే రికార్డు నింపించడమే పని అనుకున్నది మేము. ప్రశ్న అడిగిన పిల్లను సిలబసులో లేదని కూర్చోబెట్టింది మేము. విదేశంలో ఉన్న కొడుకు జీతం ఎంతని అడిగాం గానీ, అక్కడ ఏం పని చేస్తున్నాడని ఏ పెళ్లిలోనూ ఏ చావులోనూ అడగలేదు. మేం పాడుచేసిన అలవాటును మీరు బాగుచేసుకోవాల్సి వస్తున్నందుకు మనసు కలుక్కుమంటుంది. ఒక్క చిన్న ప్రాజెక్టు, ఎంత చిన్నదైనా సరే, నీ చేత్తో చెయ్యి. తప్పినా సరే. తప్పిన ప్రయోగం గురించి నిజం చెప్పగలిగిన పిల్లను ఏ దేశంలోనైనా గౌరవిస్తారు.

జాగ్రత్తలూ చెప్పాలి కదా. ఇంటర్న్‌షిప్పు ఇప్పిస్తాం, ఇన్ని వేలు కట్టమంటే ఆ గడప తొక్కకు. నిజమైన పథకం నీకు ఇస్తుంది తప్ప నీకు సీటు అమ్మదు. పాస్‌పోర్టు ఎంపికయ్యాక చూసుకుందామనుకోకు. పదో తరగతి మెమోలో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉండి ఆఖరి నిమిషంలో ఏడ్చిన పిల్లలున్నారు. అది చలిదేశమైతే జూన్‌లో కూడా సాయంత్రాలు వణికిస్తాయి, ఒక స్వెటరు పెట్టుకో. వారానికొకసారి అమ్మకు ఫోను చెయ్యి, ల్యాబులో రాత్రయితే ఒంటరిగా నడిచి రాకు. ఆరోగ్య బీమా కాగితం చదవకుండా సంతకం పెట్టకు.

ఆడపిల్లల అమ్మానాన్నలతోనూ రెండు మాటలు. ఒక్కతే ఎట్లా పోతుందని నన్నడుగుతారు. పెళ్లి చేసి అదే దేశం పంపమంటే జంకరు గదా నాయనా. చదువు కోసం మూడు నెలలు పోయి వచ్చే బిడ్డకు ఉండే గది, పనిచేసే చోటు, బాధ్యత తీసుకునే ప్రొఫెసరు, అన్నీ కాగితం మీద ఉంటాయి. ఆ కాగితం చదివి చూడండి, భయం సగం పోతుంది. మిగిలిన సగం మీ బిడ్డ పోయివచ్చాక పోతుంది. ఆ మూడు నెలలకు సంబంధాలేమీ తప్పిపోవు.

తిరిగి వస్తావా రావా అని నేను అడగను. సుబ్బారావు గారు రాలేదు, అలీ నవాజ్ జంగ్ వచ్చారు, ఇద్దరి మేలూ మనం తింటున్నాం. నా కోరిక ఒక్కటే. ఆ ఎండాకాలం అయిపోయాక, నేరుగా కాలేజీకి పోకుండా ఒకరోజు మన హైస్కూలుకు పోయి, తొమ్మిదో తరగతి పిల్లల ముందు నిలబడి, అక్కడ ఏం చూశావో తెలుగులో చెప్పు. ఫొటోలు చూపించు. తప్పిన ప్రయోగం సంగతీ చెప్పు. వెనక బెంచీలో ఏ తండా బిడ్డ కూర్చుని వింటున్నదో మనకు తెలియదు.

నీ చేతులు చల్లగుండాలి, నీ చదువు పండాలి, ఏ దేశంలో ఉన్నా కడుపు నిండా తిని కంటినిండా నిద్రపోవాలి. ఈ నెలలోనే పాస్‌పోర్టుకు పెట్టుకో. ఈ నెలలోనే మీ సారును కలిసి, వచ్చే ఎండాకాలానికి పోవాలనుకుంటున్నానని చెప్పు. ప్రొఫెసరుకు రాసే ఉత్తరం చిత్తుప్రతి తీసుకుని కేసముద్రం వస్తే, ఇద్దరం కూర్చుని దిద్దుకుందాం. నా కళ్లకు ఇంకా అక్షరం ఆనుతుంది. పైలం బిడ్డా.

మీ
సైన్సు టీచరమ్మ,
కేసముద్రం